లైబ్రరీ లేదంటున్న లైనక్స్‌కి ఏ పనిముట్టు? ఎల్‌డిడి నుంచి ప్యాచ్‌ఎల్ఫ్ దాకా

ఉబుంటు 24.04 కొత్తగా ఎక్కించిన డీబీఎంఎస్ (డేటాబేస్) ల్యాబు, అది విజయనగరంలో ఉన్నా రాజాంలో ఉన్నా ఎచ్చెర్లలో ఉన్నా, తెర మీద పడే వాక్యం దాదాపు ఒకటే. “ఎస్‌క్యూఎల్‌ప్లస్: ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌ఏఐఓ.ఎస్‌ఓ.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.” ఎస్‌క్యూఎల్‌ప్లస్ అంటే ఒరాకిల్ డేటాబేస్‌తో మాట్లాడే ప్రోగ్రాం. దానికి కావలసిన షేర్డ్ లైబ్రరీ, అంటే చాలా ప్రోగ్రాంలు పంచుకునే ఎస్‌ఓ ఫైలు, దొరకలేదని ఆ వాక్యం అర్థం. ఆ తర్వాత జరిగేదీ చాలాచోట్ల ఒకటే. ఎవరో ఒకరు ఆ ఫైలు పేరు గూగుల్‌లో కొట్టి, ఏదో సైటు నుంచి ఎస్‌ఓ ఫైలొకటి దించి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చి సిస్టమ్ ఫోల్డర్‌లో పడేస్తారు. ప్రోగ్రాం లేస్తే లేస్తుంది, నాలుగు రోజులాగి ఇంకేదో కూలబడుతుంది. రూపాయి ఖర్చు లేకుండా ఈ పని చేసిపెట్టే పనిముట్లు అయిదారు ఉన్నాయి. వాటిలో దేనికి ఎంత పస ఉందో, ఏది ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో చూద్దాం. కమాండ్లు ఇక్కడ పలికినట్టే రాశాం. టైపు చేసేటప్పుడు అన్నీ చిన్నక్షరాలే. క్యాపిటల్స్ కావాల్సినచోట విడిగా చెప్తాం.

పనిముట్టు తీసే ముందు ఎర్రర్ పూర్తిగా చదవాలి. అందులో మూడు ముక్కలుంటాయి: మొదట ప్రోగ్రాం పేరు, తర్వాత లైబ్రరీ పేరు, చివర కారణం. చాలామంది నడిమి ముక్క దగ్గరే ఆగిపోతారు. మందు చెప్పేది చివరి ముక్క. “నో సచ్ ఫైల్” అంటే లైబ్రరీ అసలు లేదు, లేదా ఉన్నా లోడర్ (ప్రోగ్రాంకి లైబ్రరీలని తెచ్చి తగిలించేది) వెతికే దారిలో లేదు. “రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్” అంటే 64 బిట్ ప్రోగ్రాంకి 32 బిట్ ఫైలో, 32 బిట్ దానికి 64 బిట్ ఫైలో తగిలింది. “ఫైల్ టూ షార్ట్” అంటే ఫైలు ఉంది కానీ లోపల సరుకు లేదు. “వర్షన్ నాట్ ఫౌండ్” అంటే దొరికింది గానీ అడిగిన వర్షన్ కాదు, చాలావరకు పాతది. నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. అన్నిటికీ ఒకే మాత్ర వేయడం వల్లే సిస్టమ్‌లు పాడవుతున్నాయి.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. “కెనాట్ ఫైండ్ మైనస్ ఎల్‌జెడ్” అని జీసీసీ (సి భాష కంపైలర్) అరిస్తే అది కంపైల్ చేసేటప్పటి గొడవ, దానికి మైనస్ డెవ్ ప్యాకేజీ కావాలి, అంటే జెడ్‌లిబ్1జి-డెవ్. ప్రోగ్రాం నడిపేటప్పుడు వచ్చే ఎర్రర్‌కి డెవ్ ప్యాకేజీ అక్కర్లేదు, మామూలు లైబ్రరీ ప్యాకేజీ చాలు. ఒకే లైబ్రరీకి మూడు పేర్లుంటాయి: లిబ్‌జెడ్.ఎస్‌ఓ అనేది కంపైలర్ కోసం, లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1 అనేది నడిచే ప్రోగ్రాం అడిగే పేరు, లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1.2.11 లాంటిది అసలు ఫైలు. మొదటి రెండూ మూడోదానికి లింకులు.

ఇక ఎల్‌డిడి. లైనక్స్ మూల సి లైబ్రరీ అయిన గ్లిబ్‌సీతో పాటే వస్తుంది, విడిగా ఎక్కించక్కర్లేదు. ఎల్‌డిడి అని కొట్టి పక్కన ప్రోగ్రాం పూర్తి పాత్ ఇస్తే, కావలసిన లైబ్రరీలన్నీ వరసగా చూపించి, దొరకని వాటి ఎదురుగా “నాట్ ఫౌండ్” అని రాస్తుంది. పైప్ పెట్టి గ్రెప్ నాట్ అని కలిపితే ఆ లైన్లే మిగులుతాయి. మొదటి చూపుకి బాగానే ఉంటుంది. లోపాలు మాత్రం మూడున్నాయి. ఒకటి, దొరికిన లైబ్రరీల లోపలికి వెళ్లి వాటికి ఏం కావాలో చెప్తుంది గానీ, దొరకని లైబ్రరీ లోపలికి వెళ్లలేదు కదా. అందుకే ఒకటి సరిచేశాక ఇంకో కొత్త పేరు బయటపడుతుంది. మీరేదో పాడుచేశారని కాదు, తెర వెనక ఉన్నది ఇప్పుడు కనిపించిందంతే. రెండు, ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ డీఎల్‌ఓపెన్‌తో పిలిచే లైబ్రరీలు దీని జాబితాలో రావు. ప్లగిన్లు, డేటాబేస్ డ్రైవర్లు చాలావరకు ఈ బాపతే. ఎల్‌డిడి అంతా బాగుందని చెప్పాక కూడా ప్రోగ్రాం పడిపోతే అనుమానించాల్సింది దీన్నే. మూడోది కాస్త ప్రమాదం: ఎల్‌డిడి కొన్ని సందర్భాల్లో ఆ ప్రోగ్రాంని నిజంగానే నడిపించేస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైలు మీద దీన్ని వాడొద్దని దాని మాన్యువల్ పేజీయే చెబుతుంది. అలాంటప్పుడు రీడ్‌ఎల్ఫ్ మైనస్ డి అని కొట్టి “నీడెడ్” అన్న లైన్లు చూసుకోండి, అది ఫైలుని చదువుతుందే తప్ప నడపదు. ఎల్‌డిడికి 5కి 3.

పేరు తెలిశాక అది ఏ ప్యాకేజీలో ఉందో చెప్పేది ఆప్ట్-ఫైల్. ఈ సరంజామాలో అందరూ మరిచిపోయేది, అందరికీ పనికొచ్చేది ఇదే. (ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే కమాండ్, ముందు సుడో పెడితే అడ్మిన్ హక్కుతో నడుస్తుంది.) సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆప్ట్-ఫైల్, తర్వాత సుడో ఆప్ట్-ఫైల్ అప్‌డేట్, ఆ తర్వాత ఆప్ట్-ఫైల్ సెర్చ్ అని లైబ్రరీ పేరు. అప్‌డేట్ కొట్టినప్పుడు పదుల ఎంబీల జాబితా దిగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపే ల్యాబ్ అయితే ఒక్కసారికి ఓపిక పట్టాలి. జవాబులో ఒక్కోసారి పది ప్యాకేజీలు వస్తాయి. వాటిలో పేరు లిబ్‌తో మొదలై, పాత్‌లో నేరుగా యూఎస్‌ఆర్, లిబ్, ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ అని ఉన్నదే మీకు కావలసింది. క్రాస్ అన్న మాట ఉన్నవి వేరే ప్రాసెసర్ల కోసం, వాటి జోలికి పోవద్దు. ఫెడోరా వాళ్లకి ఇదే పని డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్ చేస్తుంది. ఎక్కించాల్సిన అవసరం కూడా లేదు.

24.04లో ఆప్ట్-ఫైల్ విలువ మరీ పెరిగింది. 2038 జనవరి 19న 32 బిట్ సిస్టమ్‌లలో గడియారం అంకె నిండిపోతుంది. దానికి ముందుజాగ్రత్తగా చాలా ప్యాకేజీల పేర్ల చివర టీ64 తగిలించారు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది, లిబ్‌ఫ్యూజ్2 లిబ్‌ఫ్యూజ్2టీ64 అయింది. పాత చిట్కాలు చూసి కొట్టిన ఇన్‌స్టాల్ కమాండ్లు “అలాంటి ప్యాకేజీ లేదు” అనడానికి కొన్నిసార్లు ఇదే కారణం. ఓపెన్‌సీవీ వాడేవాళ్లు అడిగే లిబ్‌జీఎల్.ఎస్‌ఓ.1 కూడా ఇంతే. ఊరంతా చెప్పే లిబ్‌జీఎల్1-మెసా-జీఎల్‌ఎక్స్ ఇప్పుడు లేదు, లిబ్‌జీఎల్1 అని కొడితే సరిపోతుంది. ఇవేవీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఆప్ట్-ఫైల్‌ని అడిగితే చాలు. ముందు జాబితా దించుకోవడానికి నెట్ తప్పదు కాబట్టి అర మార్కు తగ్గించి 5కి 4.5.

ఇప్పుడు ఎస్‌క్యూఎల్‌ప్లస్‌ని మొదటినుంచి చివరిదాకా చూద్దాం, ఎందుకంటే రెండు రకాల జబ్బూ ఇందులోనే ఉంది. ఒరాకిల్ ఇన్‌స్టంట్ క్లయింట్ బేసిక్ జిప్, ఎస్‌క్యూఎల్‌ప్లస్ జిప్ రెండూ స్లాష్ ఓపీటీ ఫోల్డర్ కింద ఒరాకిల్ అనే ఒకే ఫోల్డర్‌లో విప్పాలి. వేర్వేరు చోట్ల విప్పితే అక్కడే మొదటి తప్పు. నడిపితే చాలాసార్లు ముందు అడిగేది లిబ్‌ఎస్‌క్యూఎల్‌ప్లస్.ఎస్‌ఓ. అది కళ్లెదురుగానే, అదే ఫోల్డర్‌లోనే ఉంటుంది. విండోస్ అలవాటున్నవాళ్లకి తల తిరిగిపోయేది ఇక్కడే: పక్కనే ఉంటే దొరకదా? దొరకదు. ప్రోగ్రాం పక్క ఫోల్డర్‌ని లైనక్స్ లోడర్ తనంతట తాను చూడదు. దానికి దారి చెప్పాలి. ఈటీసీలో ఎల్‌డి.ఎస్‌ఓ.కాన్ఫ్.డి అనే ఫోల్డర్ ఉంది. అందులో ఒరాకిల్.కాన్ఫ్ అని ఒక ఫైలు పెట్టి, లోపల ఇన్‌స్టంట్ క్లయింట్ ఫోల్డర్ పూర్తి పాత్ ఒక్క లైన్ రాసి, సుడో ఎల్‌డికాన్ఫిగ్ కొట్టాలి. ఫైలు పేరు చివర .కాన్ఫ్ లేకపోతే దాన్ని పట్టించుకోదు. ఎల్‌డికాన్ఫిగ్ కొట్టడం మరిచిపోతే ఫైలు రాసినా రాయనట్టే. లోడర్ చూసేది ఆ కాన్ఫ్ ఫైళ్లని కాదు, వాటి నుంచి తయారైన క్యాష్‌ని (ముందే సిద్ధం చేసి దాచిన జాబితాని). ఎక్కిందో లేదో ఎల్‌డికాన్ఫిగ్ మైనస్ పి కొట్టి, పైప్ పెట్టి గ్రెప్ చేసి చూసుకోండి.

అది తీరగానే లిబ్‌ఏఐఓ.ఎస్‌ఓ.1 లేదంటుంది. ఆప్ట్-ఫైల్‌ని అడిగితే లిబ్‌ఏఐఓ1టీ64 అని ప్యాకేజీ పేరు చూపిస్తుంది. ఎక్కించండి. మళ్లీ అదే ఎర్రర్! ఆప్ట్-ఫైల్ ఇచ్చిన జవాబుని ఇంకోసారి తేరిపార చూడండి. ఫైలు పేరు లిబ్‌ఏఐఓ.ఎస్‌ఓ.1 కాదు, లిబ్‌ఏఐఓ.ఎస్‌ఓ.1టీ64. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ విషయంలో ప్యాకేజీ పేరే మారింది, ఫైలు మారలేదు. ఇక్కడ ఫైలు పేరు కూడా మారింది. 64 బిట్ పీసీల్లో లోపలి సరుకు మాత్రం అదే, కాబట్టి ఒక లింకు చాలు: సుడో ఎల్‌ఎన్ మైనస్ ఎస్, తర్వాత యూఎస్‌ఆర్, లిబ్, ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ ఫోల్డర్‌లోని టీ64 ఫైలు, ఆ తర్వాత అదే ఫోల్డర్‌లో టీ64 లేని పేరు. ఎస్‌క్యూఎల్‌ప్లస్ లేస్తుంది.

ఈ లింకు విద్య ఒకసారి పనిచేసిందని ప్రతిదానికీ వాడితే కొంప మునుగుతుంది. రైల్లో శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డు చూసి ఊరొచ్చేసిందని దిగిన కొత్త మనిషి సంగతి తెలిసిందేగా. స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊరు ఇంకా 10 కిలోమీటర్ల పైమాటే. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 అడిగే పాత ప్రోగ్రాంకి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3ని ఆ పేరుతో లింకు చేయడం సరిగ్గా అలాంటిదే. లోడర్ బోర్డు చూసి దిగుతుంది, ఆ వెంటనే “వర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 నాట్ ఫౌండ్” అంటుంది. ఎస్‌ఓ తర్వాతి అంకె మారిందంటే లోపలి ఒప్పందమే మారిందని అర్థం. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సరంజామాలోది, ఉబుంటు 22.04 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3కి వెళ్లిపోయింది. 1.1.1కి ఉచిత మద్దతు 2023 సెప్టెంబరులోనే ముగిసింది. కాబట్టి పాత డెబ్ ఫైలు (ఉబుంటు ప్యాకేజీ ఫైలు) వెతికి తెచ్చి ఎక్కించడం కూడా, ముఖ్యంగా నెట్‌లో ఉండే మెషీన్‌లో, మంచిపని కాదు. ఆ ప్రోగ్రాంకే కొత్త బిల్డ్ ఉందేమో చూడాలి.

ఎల్‌డి_లైబ్రరీ_పాత్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, లైబ్రరీల కోసం ముందు ఏ ఫోల్డర్ చూడాలో లోడర్‌కి చెప్పే వేరియబుల్ అది. మొత్తం క్యాపిటల్స్‌లో రాయాలి. సుడో లేని విద్యార్థికి చాలాసార్లు ఇదే గతి, అందుకు రెండు మార్కులు ఇవ్వొచ్చు. కమాండ్‌కి ముందు అదే లైన్‌లో ఇస్తే ఆ ఒక్క ప్రోగ్రాంకే వర్తిస్తుంది, ఫరవాలేదు. బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే ఫైలులో) ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టారంటే మాత్రం ఆ టెర్మినల్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాం ముందు మీ ఫోల్డర్‌లోకే తొంగిచూస్తుంది. గిట్, కర్ల్ లాంటివి ఏ సంబంధం లేకుండా విరిగిపోయేది ఇలాగే. పైగా సుడో దీన్ని ముందుకు పోనివ్వదు. “మామూలుగా పనిచేస్తోంది, సుడోతో చేయట్లేదు” అనే ఫిర్యాదుకి మూలం అదే.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు, 5కి 5, ఎల్‌డి_డీబగ్‌కి. ఇదీ క్యాపిటల్సే, కానీ ఈక్వల్ తర్వాత లిబ్స్ అన్నది చిన్నక్షరాల్లో ఉండాలి, దాని పక్కనే ప్రోగ్రాం పేరు. ఎక్కించాల్సింది ఏమీ లేదు, లోడర్‌లోనే ఉంది. లోడర్ మనసులో మాట మొత్తం తెర మీద పోస్తుంది: ఏ లైబ్రరీ కోసం వెతుకుతోంది, క్యాష్‌లో చూసిందా, ఏ ఫోల్డర్‌కి వెళ్లింది. “ట్రైయింగ్ ఫైల్” అని మొదలయ్యే లైన్లు చదివితే చాలు. ఎల్‌డిడికి అందని డీఎల్‌ఓపెన్ లైబ్రరీలు కూడా ఇక్కడ దొరికిపోతాయి. అన్నీ ఉన్నా తప్పు కాపీని తీసుకుంటున్న కేసులు కూడా దీనితోనే తేలుతాయి. యూఎస్‌ఆర్ లోకల్ లిబ్‌లో ఎవరో ఎప్పుడో మేక్ ఇన్‌స్టాల్ చేసి వదిలేసిన పాత లైబ్రరీ, సిస్టమ్ లైబ్రరీ కంటే ముందు దొరకడం అన్నమాట. అవుట్‌పుట్ వందల లైన్లు వస్తుంది, అది ఎర్రర్ దారిలో వస్తుంది కాబట్టి 2>&1 పెట్టి లెస్‌లోకి పంపించండి.

ప్యాచ్‌ఎల్ఫ్ వేరే జాతి. మిగతావన్నీ చూసి చెప్పేవి, ఇది ఫైలుని కోసి కుట్టేది. నిక్స్‌ఓఎస్ అనే లైనక్స్ రకం (డిస్ట్రో) వాళ్ల దగ్గర పుట్టింది, ఇప్పుడు చాలా డిస్ట్రోల్లో ఉంది. ప్రాజెక్టు డెమోకి ప్రోగ్రాంతో పాటు దాని లైబ్రరీలు లిబ్ అనే ఫోల్డర్‌లో పెట్టి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలంటే దీన్ని మించింది లేదు. ప్యాచ్‌ఎల్ఫ్ మైనస్ మైనస్ సెట్-ఆర్‌పాత్, తర్వాత సింగిల్ కోట్స్‌లో డాలర్ ఒరిజిన్ స్లాష్ లిబ్, చివర ప్రోగ్రాం పేరు. ఒరిజిన్ క్యాపిటల్స్‌లో రాయాలి, “ఈ ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్” అని దాని అర్థం. ఆ సింగిల్ కోట్స్ చాలా ముఖ్యం. డబుల్ కోట్స్ పెడితే షెల్ ఆ మాటని మింగేసి ఖాళీ మిగులుస్తుంది, ప్రోగ్రాంలో ఉత్తి స్లాష్ లిబ్ అని పడుతుంది. పైకి ఏ ఎర్రరూ రాదు, డెమో రోజున వేరే మెషీన్‌లో బయటపడుతుంది. అందుకే వెంటనే మైనస్ మైనస్ ప్రింట్-ఆర్‌పాత్ కొట్టి డాలర్ గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఇంకో మెలిక ఉంది. ప్రోగ్రాం ఫైలులోనే రాసే లైబ్రరీ దారి రెండు రకాలు, ఆర్‌పాత్, రన్‌పాత్; మామూలుగా ఇది రాసేది రన్‌పాత్. అది ప్రోగ్రాం నేరుగా అడిగే లైబ్రరీలకే పనిచేస్తుంది గానీ, ఆ లైబ్రరీలు మళ్లీ అడిగేవాటికి పనిచేయదు. లిబ్ ఫోల్డర్‌లోని ఒక్కో ఎస్‌ఓ ఫైలుకీ డాలర్ ఒరిజిన్ అని విడిగా పెట్టాలి, లేదా మైనస్ మైనస్ ఫోర్స్-ఆర్‌పాత్ కలపాలి. ముందు కాపీ తీసి పెట్టుకోవడం మరవద్దు. 5కి 4.

సొంత కోడ్ అయితే ఈ కోతా కుట్టూ ఏవీ అక్కర్లేదు. జీసీసీకి ఇచ్చే మైనస్ క్యాపిటల్ ఎల్ కంపైల్ చేసేటప్పుడు వెతకడానికే, నడిచేటప్పుడు దానికి లెక్కలేదు. మైనస్ డబ్ల్యూఎల్ కామా మైనస్ ఆర్‌పాత్ కామా (డబ్ల్యూ ఒక్కటే క్యాపిటల్) అంటూ ఆ దారిని ప్రోగ్రాంలోనే రాయించేయండి.

ఇప్పుడు కరెంటు సంగతి. ఆప్ట్ అప్‌గ్రేడ్ నడుస్తుండగా యూపీఎస్ లేని మెషీన్ ఆరిపోతే మిగిలేదే “ఫైల్ టూ షార్ట్”. ఫైలు పేరు డిస్కు మీద పడింది, లోపలి బైట్లు పడలేదు. ఎల్‌ఎస్ కొడితే కనిపిస్తుంది కాబట్టి అందరూ పాత్ గొడవ అనుకుని గంటలు తగలేస్తారు. ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొడితే సైజు 0 అని కనబడుతుంది. ఎల్‌డికాన్ఫిగ్ కూడా “ఈజ్ ఎంప్టీ, నాట్ చెక్‌డ్” అని చెప్తుంది, వినేవాడు ఉండాలే గానీ. మొదట సుడో డీపీకేజీ మైనస్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఏ. తర్వాత ఫైండ్ యూఎస్‌ఆర్ లిబ్, మైనస్ టైప్ ఎఫ్, మైనస్ నేమ్ '*.ఎస్‌ఓ*', మైనస్ సైజ్ 0 అని కొడితే ఖాళీ లైబ్రరీలన్నీ బయటకొస్తాయి. ఒక్కోదాన్ని డీపీకేజీ మైనస్ క్యాపిటల్ ఎస్ పక్కన ఇస్తే ప్యాకేజీ పేరు చెబుతుంది. ఇక్కడ పూర్తి పాత్ ఇవ్వకండి, ఉత్తి ఫైలు పేరు ఇవ్వండి. 22.04లో కొన్ని ప్యాకేజీల జాబితాలో స్లాష్ లిబ్ అనే ఉంటుంది, యూఎస్‌ఆర్ కలిపి అడిగితే తెలియదంటుంది. చివరికి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మైనస్ మైనస్ రీఇన్‌స్టాల్. ఖాళీ అయింది గ్లిబ్‌సీయే అయితే ఎల్‌ఎస్ కూడా నడవదు, అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్ తప్పదు.

శ్రీకాకుళం డీటీపీ, జెరాక్స్ షాపుల్లో ఉబుంటు వాడేవాళ్లకి ఎదురయ్యేది పాత లేజర్ ప్రింటర్ల 32 బిట్ డ్రైవర్. నడిపితే “నో సచ్ ఫైల్” అంటుంది, చూస్తే ఫైలు అక్కడే ఉంటుంది. ఎల్‌డిడిని అడిగితే “నాట్ ఎ డైనమిక్ ఎగ్జిక్యూటబుల్” అని ఇంకాస్త తికమక పెడుతుంది. లేనిది ఆ ప్రోగ్రాం కాదు, దాన్ని లేపాల్సిన 32 బిట్ లోడర్. ఫైల్ అనే కమాండ్ కొడితే ఈఎల్ఎఫ్ 32-బిట్ అని తేలిపోతుంది. సుడో డీపీకేజీ మైనస్ మైనస్ యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386, సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆపైన లిబ్‌సీ6:ఐ386, లిబ్‌ఎస్‌టీడీసీ++6:ఐ386 ఎక్కించండి. అక్కడి నుంచి ఎల్‌డిడి బుద్ధిగా మిగతా పేర్లు చెప్తుంది. ఒక్కోదానికీ :ఐ386 తోక తగిలించుకుంటూ పోవడమే.

పై పనిముట్లలో ఏదీ తీర్చలేనిది “గ్లిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్”. 20.04లో గ్లిబ్‌సీ 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. కొత్త మెషీన్‌లో కట్టిన ప్రోగ్రాం పాత మెషీన్‌కి తెస్తే వచ్చేది ఇది. మరీ 2.34 అంకే ఎందుకు ఎక్కువ కనిపిస్తుందంటే, ఆ వర్షన్‌లో లిబ్‌పీత్రెడ్‌ని లిబ్‌సీలో కలిపేశారు, దాంతో చాలా ప్రోగ్రాంలు ఆ అంకెని అడగడం మొదలుపెట్టాయి. గ్లిబ్‌సీని చేత్తో మార్చడానికి చూడకండి, సిస్టమ్‌లో ప్రతిదీ దాని మీదే నిలబడి ఉంది. ఆ ప్రోగ్రాంని ల్యాబులో అన్నిటికంటే పాత ఉబుంటు ఉన్న మెషీన్‌లో కంపైల్ చేయండి, కొత్తవాటిలో ఈ గ్లిబ్‌సీ గొడవ రాదు. సోర్స్ లేకపోతే డాకర్‌లో 24.04 కంటైనర్ లేపి అందులో నడపండి.

ల్యాబ్ మొత్తానికీ ఎక్కించాల్సినవి నాలుగే: ఆప్ట్-ఫైల్, ప్యాచ్‌ఎల్ఫ్, రీడ్‌ఎల్ఫ్ కోసం బిన్‌యుటిల్స్, పాడైన ఫైళ్లు పట్టుకునే డెబ్‌సమ్స్. నెట్ ఒక్క మెషీన్‌కే ఉంటే అందులో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ మైనస్ మైనస్ డౌన్‌లోడ్-ఓన్లీ కొట్టండి. వార్, క్యాష్, ఆప్ట్, ఆర్కైవ్స్ ఫోల్డర్‌లో డెబ్ ఫైళ్లు చేరతాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి మిగతావాటిలో సుడో డీపీకేజీ మైనస్ ఐ తో ఎక్కించుకోవచ్చు. అన్ని మెషీన్లలోనూ ఒకే ఉబుంటు వర్షన్, ఒకేలా చేసిన ఇన్‌స్టాల్ ఉంటేనే ఇది కుదురుతుంది, ఎందుకంటే ఆ మొదటి మెషీన్‌లో అప్పటికే ఉన్న లైబ్రరీలని ఆప్ట్ మళ్లీ దించదు.